మీ అమ్మ పొదుపు పుస్తకం స్పెయిన్‌లోనూ పనికొస్తుంది

ఈ వారం ఉత్తరం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి అక్కడ ఫిజికల్ జాగ్రఫీలో ఎమ్మెస్సీ చదువుతోంది. నాలుగు పేజీల ఉత్తరం. పేరు, ఊరు, యూనివర్సిటీ తీసేసి, కుదించి చెబుతున్నాను.

వాళ్ళది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాన్న మిర్చి రైతు. అమ్మ ఊళ్ళో డ్వాక్రా గ్రూపు లీడరు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని, అది చాలక నాన్న బయట కూడా అప్పు చేసి పంపించారు. ఈ అమ్మాయి అక్కడ ఒక కేఫ్‌లో వారానికి 16 గంటలు పని చేస్తోంది. అద్దె, తిండి, బస్సు పాస్ ఆ జీతంలోనే సర్దుకుంటోంది. ఇంటి నుంచి డబ్బు అడిగి ఐదు నెలలైందట.

మార్చిలో క్లాసు మొత్తాన్ని తొమ్మిది రోజుల ఫీల్డ్ ట్రిప్‌కి దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియాకి తీసుకెళ్తున్నారు. విమానం, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లలో బస, తిరగడానికి మినీబస్సు యూనివర్సిటీ చూసుకుంటుంది. తిండి, వీసా, పైఖర్చులు ఎవరివి వాళ్ళవే. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి వీసా అక్కర్లేదు కాబట్టి క్లాసులో ఆ ఖర్చు ఈమెతోపాటు మరో ఇద్దరికే పడింది. ఆమె వేసుకున్న లెక్క ఇది: వీసా ఫీజు, వీసా సెంటర్ చార్జీ, ఆ సెంటర్ ఉన్న మాంచెస్టర్‌కి రానుపోను కలిపి 130 పౌండ్లు. తిండికి రోజుకి 30 చొప్పున 270. బూట్లు, రెయిన్‌కోటు 60. ఆ వారం పనికి వెళ్ళడం కుదరదు కాబట్టి పోయే జీతం 195. మొత్తం 655 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 75 వేలు. చేతిలో ఉన్నవి 310.

అసలు బాధ ఇంకోటి ఉంది. అక్టోబర్‌లో మూడు రోజులు వేల్స్ తీసుకెళ్ళారు. మొదటి రాత్రి ఏడుగురు కలిసి పబ్‌లో తిన్నారు. ఈమె తిన్నది ఒక సూపు, ఒక ప్లేటు చిప్స్. రెండూ కలిపి 11 పౌండ్లు. మిగతావాళ్ళు స్టేక్‌లు, రెండేసి మూడేసి బీర్లు. బిల్లు 217 వచ్చింది. "సమానంగా పంచేద్దాం, ఈజీగా ఉంటుంది" అన్నారెవరో. తలకి 31. ఆమె బాత్రూమ్‌లోకి వెళ్ళి ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకుంది. 38 ఉన్నాయి. బయటికొచ్చి నవ్వుతూ కార్డు పెట్టింది. మర్నాడు ఆరుగురికి సరుకులు 86 పౌండ్లకి కొంటే, కార్డు అందరిలోకీ ఈమెదే ముందు బయటికొచ్చింది. ముగ్గురు ఇచ్చారు. ఇద్దరు ఇప్పటికీ ఇవ్వలేదు. అడగలేకపోయింది.

ఇప్పుడు స్పెయిన్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండబోయే ఐదుగురూ కలిసి ఈమెనే ట్రెజరర్ చేశారు. "మీ ఇండియన్స్ లెక్కల్లో గట్టి కదా" అని నవ్వారట. ఆమె ముందు నాలుగు దారులున్నాయి. వీసా రిజెక్ట్ అయిందని అబద్ధం చెప్పి, ట్రిప్ మానేసి, దాని బదులు ఇచ్చే డెస్క్ ప్రాజెక్ట్ చేసుకోవడం. కేఫ్ మేనేజర్ "ముందు రెండు వారాలు ఎక్కువ షిఫ్టులు చెయ్యి, చేతికి క్యాష్ ఇస్తా" అన్నాడు, దానికి ఒప్పుకోవడం. పక్కగదిలో ఉండే మన తెలుగు అన్న ఒకాయన క్రెడిట్ కార్డు వాడుకోమన్నాడు, వాడుకోవడం. లేదంటే నాన్నని అడగడం. "ఏది చేసినా తప్పులాగే ఉంది మేడం, ఏం చెయ్యమంటారు?" అని ముగించింది.

అమ్మాయ్,

నీ వయసు కూతురు నాకుంది, కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, రెండోసారి కాయితం, పెన్ను పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు కామర్స్ చెప్పినదాన్ని, అంకెలు కనబడితే చెయ్యి ఊరుకోదు. నువ్వు రాసిన 655లో నాలుగు అంకెలూ నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందు వాటి సంగతి చూద్దాం. ఏది తప్పు, ఏది కాదు అన్న మాట తర్వాత. ఉన్నదానికంటే రెట్టింపు పెద్ద అంకె కళ్ళముందు పెట్టుకుని ఎవరూ తిన్నగా ఆలోచించలేరు.

మొదటిది వీసా ఫీజు. షెంజెన్ వీసాకి, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, పెద్దవాళ్ళ ఫీజు 90 యూరోలు, అది నిజమే. పౌండుకి ఒకటీ పదిహేను యూరోలనుకుంటే సుమారు 78 పౌండ్లు. అయితే ఆ వీసాలకి ఒక చట్టం ఉంది, 2009 నాటి వీసా కోడ్. అందులో 16వ ఆర్టికల్ ప్రకారం, చదువు కోసమో చదువులో భాగమైన శిక్షణ కోసమో వెళ్ళే విద్యార్థులకి, పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థులకి, వాళ్ళ వెంట వెళ్ళే టీచర్లకి వీసా ఫీజు ఉండదు. సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ వేరే, అది కట్టాల్సి రావచ్చు. నువ్వు వెళ్ళేది విహారయాత్రకి కాదుగా, నీ కోర్సులో భాగంగా వెళ్తున్నావు. ఆ మాట యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉండాలి: ఫలానా విద్యార్థిని, ఫలానా కోర్సు, ఈ తేదీల ఫీల్డ్‌వర్క్ కోర్సులో భాగం, బస, ప్రయాణం మేమే చూసుకుంటున్నాం అని. టూరిస్టు వీసా అని టిక్ పెట్టి, ఫీజు కట్టేశాక గుర్తొస్తే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. నీతోపాటు వీసా కావలసినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారన్నావు. ముగ్గురూ కలిసి డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళండి. ఒక్కదానివే అడిగితే బతిమాలినట్టుంటుందని నీకనిపిస్తుంది, ముగ్గురు అడిగితే అది ఆఫీసు పని.

అదే ఆఫీసులో ఇన్సూరెన్స్ కాయితం కూడా అడుగు. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్ళే యూనివర్సిటీలు చాలావరకు విద్యార్థులకి ఇన్సూరెన్స్ చేయిస్తాయి. నీ పేరుతో సర్టిఫికెట్ ఇస్తే నువ్వు విడిగా కొనక్కర్లేదు. దరఖాస్తు ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు పడాలి, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు తీసుకుంటారు. కాబట్టి ఈ లెటర్ల పని వచ్చేవారానికి వాయిదా వెయ్యకు.

రెండోది, పోతుందనుకుంటున్న జీతం 195. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, నీమీద కాదు. బ్రిటన్‌లో పార్ట్‌టైమ్ అయినా, ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని జీరో అవర్స్ అయినా పనిచేసేవాళ్ళందరికీ జీతంతో కూడిన సెలవు హక్కు ఉంది. ఏడాదికి 5.6 వారాలు. గంటలు మారుతూ ఉండేవాళ్ళకి, చేసిన గంటల్లో 12.07 శాతం సెలవుగా జమ అవుతుంది. నువ్వు అక్టోబర్ ఆఖర్న చేరానన్నావు. మార్చికి 20 వారాలు, వారానికి 16 గంటలు, మొత్తం 320. అందులో 12.07 శాతం అంటే 38 గంటల పైమాటే. నీకు కావలసింది 16. మీ మేనేజర్ ఈ సంగతి చెప్పలేదంటే ఆశ్చర్యం లేదు, మన ఊళ్ళో పత్తి మిల్లు మేనేజరైనా చెప్పడు.

ఒక్క జాగ్రత్త. కొన్నిచోట్ల ఈ సెలవు డబ్బుని విడిగా ఇవ్వకుండా ప్రతి జీతంలోనూ కొంత కలిపి ఇచ్చేస్తారు. నీ పేస్లిప్ తీసి "హాలిడే పే" అని విడిగా ఒక వరస ఉందేమో చూడు. ఉంటే ఆ డబ్బు ఇప్పటికే నీ చేతికొచ్చి ఖర్చయిపోయినట్టే. లేకపోతే ట్రిప్‌కి కనీసం నెలరోజుల ముందు మేనేజర్‌కి మెసేజ్ పెట్టు: ఫలానా తేదీల్లో యాన్యువల్ లీవ్ కావాలి, నాకు జమైన గంటల్లోంచి ఇవ్వండి అని. నోటితో అడక్కు, రాతలో ఉండనీ.

ఇక్కడే ఆ ఎక్కువ షిఫ్టుల సంగతి కూడా తేల్చేద్దాం. నువ్వు చెప్పిన నాలుగు దారుల్లో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. "స్పెయిన్ వారంలో సున్నా చేశాను కదా, ముందు వారం 30 చేస్తే సరాసరి సరిపోతుంది" అనే లెక్క అక్కడ చెల్లదు. ఏ వారం లెక్క ఆ వారానిదే. క్యాష్ ఇస్తే రికార్డు ఉండదని ఆయన అంటాడు. రికార్డు లేని పనికి గొడవొస్తే సాక్ష్యమూ ఉండదు, పోయేది ఆయన కేఫ్ కాదు, నీ వీసా. ఏ నాలుగు వందల పౌండ్ల కోసమో లక్షల లోను మీద నిలబడ్డ చదువుని పందెం పెట్టడం మీ నాన్న కూడా ఒప్పుకోడు.

మూడోది బూట్లు, రెయిన్‌కోటు. అమ్మాయ్, నువ్వు వెళ్ళేది యూరప్‌లోకెల్లా ఎండిపోయిన చోటికి. తబెర్నాస్ ఎడారి, వర్షాలకి కోసుకుపోయిన మట్టి గుట్టలు, పక్కన సోర్బాస్‌లో జిప్సమ్ గుహలు. పాత కౌబాయ్ సినిమాలు కొన్ని అమెరికా అని చెప్పి తీసింది ఆ గుట్టల్లోనే. కొత్త రెయిన్‌కోటు నీకెందుకు? అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, రెండు లీటర్ల నీళ్ళ సీసా కావాలి. బూట్లు మాత్రం మంచివి కావాలి. మీ డిపార్ట్‌మెంట్ సామాను గదిలో అరువిస్తారేమో అడుగు, లేకపోతే వాడిన వస్తువులు చవగ్గా అమ్మే చారిటీ షాపుల్లో చూడు. 20 పౌండ్లలో తేలిపోవాలి.

ఇక తిండి. రోజుకి 30 పౌండ్లు అని నువ్వు రాసింది స్పెయిన్ ధర కాదు, వేల్స్ పబ్ భయం. ఐదుగురికి ఒక వంటగది ఉంది. తొమ్మిది రోజుల్లో పొద్దున టిఫిను, ఫీల్డ్‌కి పట్టుకెళ్ళే మధ్యాహ్నం బాక్సు, ఎక్కువ రాత్రుళ్ళు ఇంట్లో వంట. దీనికి తలా 55 పౌండ్లు వేసుకుంటే ఐదుగురికి 275, అంటే మూడొందల యూరోల పైన. బియ్యం, పాస్తా, గుడ్లు, బ్రెడ్డు, ఉడికించి సీసాల్లో పెట్టిన శనగలు, టమాటా, వంకాయ, ఆలివ్ నూనె. సరిపోతుంది. టమాటా అంటే గుర్తొచ్చింది, అల్మెరియాలో మైళ్ళకి మైళ్ళు తెల్ల ప్లాస్టిక్ కప్పిన తోటలుంటాయి, అంతరిక్షం నుంచి కూడా తెల్లగా కనిపిస్తాయి. నువ్వు చలికాలంలో ఇంగ్లండ్ సూపర్‌మార్కెట్‌లో కొనే టమాటా, దోసకాయ చాలావరకు అలాంటిచోటి నుంచే వస్తాయి. ఒక ఫోటో తీసి నాన్నకి పంపు. నీళ్ళు లేని నేలలో ఎలా పండిస్తున్నారో ఆయన నీకంటే మంచి ప్రశ్నలు అడుగుతాడు.

బయట తినాల్సి వస్తే అక్కడి పద్ధతులు రెండు తెలుసుకో. మామూలు రోజుల్లో మధ్యాహ్నం హోటళ్ళలో "మెనూ దెల్ దియా" అని ఉంటుంది, మన మీల్స్ లాంటిది. ఒకే ధరకి రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఏదైనా, చివర్న స్వీటో పండో. అదే హోటల్లో రాత్రి విడివిడిగా తెప్పించుకుంటే జేబు ఖాళీ. రెండోది నీకు ఇంకా మేలు. గ్రెనడా, అల్మెరియా వైపు ఏదైనా డ్రింక్ తీసుకుంటే దాంతోపాటు ఒక చిన్న ప్లేటు తిండి, టపా, ఆ ధరలోనే ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. డ్రింక్ అంటే బీరే అక్కర్లేదు, కూల్‌డ్రింకైనా పర్వాలేదు. నువ్వు గుడ్డు తింటావు కదా, "తోర్తీయా" అడుగు. బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్టు. అందరితో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, మూడు యూరోల చొప్పున అయిపోతుంది. వేల్స్‌లో నువ్వు పోగొట్టుకున్నది డబ్బొక్కటే కాదు, మర్నాడు రాత్రి తలనొప్పి అని గదిలోనే ఉండిపోయానన్నావు. అది నాకు 31 పౌండ్ల కంటే ఎక్కువ బాధనిపించింది.

బయట భోజనం రెండుసార్లకి 40 యూరోలు, నాలుగు టపా సాయంత్రాలకి 12, చిల్లరమల్లర 20. మొత్తం 72 యూరోలు, అంటే 63 పౌండ్లు. పైగా ముట్టుకోకూడని 50 యూరోలు, 43 పౌండ్లు, అత్యవసరానికి. ఇప్పుడు అన్నీ కలుపు. వీసాకి ఫీజు పోను మిగిలిన చార్జీ, ప్రయాణం 52. బూట్లు, టోపీ 20. ఇంటి వంటకి అందరూ కలిసి వేసుకునే కిట్టీ 55. బయట 63. అత్యవసరానికి 43. మొత్తం 233. వీసా ఫీజు మినహాయింపు దొరక్క 78 కట్టాల్సి వస్తే 311. నీ దగ్గరున్నది 310. ఒక్క పౌండు తక్కువ, ఒక కూల్‌డ్రింక్ మానేస్తే సరి.

జీతం వరస ఇందులో కలపలేదని గమనించే ఉంటావు. కావాలనే కలపలేదు. అది ట్రిప్ ఖర్చు కాదు, ఏప్రిల్ అద్దెలో పడే గొయ్యి. లీవ్ డబ్బు వస్తే గొయ్యి లేదు. రాకపోతే 195 ఎక్కడినుంచి తేవాలన్నది విడి ప్రశ్న. రెండింటినీ కలిపేసి 655 అని చూసుకుని హడలిపోయావు.

ఇప్పుడు ఆ టేబుల్ దగ్గరికి వద్దాం. నీ అసలు ప్రశ్న అక్కడుందని నాకు తెలుసు.

నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో డివైడింగ్ మెస్. నెలాఖరుకి మొత్తం ఖర్చుని తలలకి పంచేవాళ్ళు. కానీ ఆదివారం చికెన్ తిన్నవాళ్ళ పేరు పక్కన, ఎక్కువ గుడ్లు తీసుకున్నవాళ్ళ పేరు పక్కన, ఎవరింటినుంచైనా గెస్టు వస్తే వాళ్ళ పేరు పక్కన వేరే గీతలు పడేవి. ఎక్స్‌ట్రాలు. అన్నం, పప్పు, కూర అందరివీ. చికెన్ తిన్నవాళ్ళది. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు, ఎందుకంటే ఆ గీతల పద్ధతి జూన్‌లో హాస్టల్లో చేరేరోజే అందరికీ తెలుసు. తిన్నాక చెబితే దెప్పినట్టుంటుంది, తినకముందు చెబితే రూలు.

వేల్స్‌లో నీకు జరిగింది అదే. "సమానంగా పంచుదాం" అన్నవాడికి దురుద్దేశం లేదు. నీ ప్లేటు వంక చూడలేదు, అంతే. నువ్వు నోరు తెరవలేదు. ఆ క్షణంలో తెరవడం చాలా కష్టం కూడా, ఏడుగురు కార్డులు పట్టుకుని నిలబడ్డాక ఎవరికైనా గొంతు పెగలదు. కాబట్టి ఆ క్షణంలో ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పను. ఆ క్షణం రాకుండా చూసుకో.

దానికి నీకంటే సరైనది ఆ ఐదుగురిలో ఇంకెవరూ లేరు. మీ అమ్మ డ్వాక్రా గ్రూపు లీడరని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. మీటింగులో ఆవిడ ఏం చేస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. చాప వేసి అందరూ కూర్చున్నాక పొదుపు పుస్తకం మధ్యలో పెడుతుంది. ఎవరెంత కట్టారో అందరి ముందూ పైకి చదువుతుంది. కట్టనివాళ్ళ పేరు కూడా అదే గొంతుతో చదువుతుంది. అందులో కోపం ఉండదు, జాలీ ఉండదు. వాళ్ళలో తోడికోడలుంటుంది, ఎదురింటి పిన్ని ఉంటుంది, అయినా ఆ పుస్తకం ముందు మొహమాటం పడదు. ఎందుకంటే అడుగుతున్నది ఆవిడ కాదు, తీర్మానం. అందరూ సంతకం పెట్టిన తీర్మానం.

నిన్ను ట్రెజరర్ చెయ్యడం వెనక ఆ "ఇండియన్స్ లెక్కలు" జోకు నాకూ నచ్చలేదు. నచ్చలేదని చెప్పి తప్పుకునే హక్కు నీకుంది. తప్పుకుంటే కిట్టీ ఇంకెవరి చేతికో వెళ్తుంది, రూల్స్ వాళ్ళు పెడతారు, లేదా అసలు రూల్స్ ఉండవు. ఉంటే పని నెత్తిన పడుతుంది, కానీ పుస్తకం నీ చేతిలో ఉంటుంది. నీ స్థానంలో నేనైతే ఉంచుకుంటాను. నీకు ఇప్పటికే కేఫ్, చదువు కలిసి ఊపిరాడట్లేదనుకుంటే వదిలెయ్, కానీ రూల్స్ మెసేజ్ మాత్రం నువ్వే పెట్టు.

ఆ మెసేజ్ ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో. సారాంశం ఇలా ఉంటే చాలు: "నన్ను ట్రెజరర్ చేశారు కదా, ఇవీ నా రూల్స్. కిట్టీకి తలా 55 పౌండ్లు, బయల్దేరడానికి వారం ముందే నా అకౌంట్‌కి పంపండి. అందులోంచి అందరూ తినే సరుకులే కొంటాను. మందు, మాంసం ఎవరివి వాళ్ళు కొనుక్కోవాలి. బయట తింటే ఎవరు తిన్నది వాళ్ళు కడతాం. నా బడ్జెట్ తక్కువ, కాబట్టి రెండుసార్లే బయట భోజనానికి వస్తాను, మిగతా రోజులు టపాలకి వస్తాను." చివరి వాక్యం రాయడానికి నీ వేలు వెనక్కి లాగుతుంది. అయినా రాయి. బడ్జెట్ తక్కువని చెప్పడం పేదరికం ఒప్పుకోవడమేమీ కాదు, అక్కడి విద్యార్థులు రోజూ వాడే మాట అది. నాకు అనుమానమేంటంటే, ఆ ఐదుగురిలో ఇంకొకరికి కూడా ఆ మాట విని ప్రాణం లేచొస్తుంది. ఎవరో ఒకరు మూతి ముడిచే అవకాశమూ ఉంది. ముడిస్తే ముడవనీ, ఇంగ్లండ్‌లోనే ముడుస్తారు, స్పెయిన్‌లో బిల్లు ముందు కాదు.

కిట్టీ నడపడంలో నాలుగు చిన్న మాటలు. డబ్బు వీసా వచ్చాకే వసూలు చెయ్యి. దరఖాస్తుకి బ్యాంక్ స్టేట్‌మెంట్ పెడతావు కదా, అందులో నీవి కాని డబ్బులు తిరుగుతూ కనబడితే అనవసరపు ప్రశ్న. పైగా వీసా రాకపోతే అందరికీ తిరిగి పంపే తలనొప్పి. ఎవరైనా పంపకపోతే వాళ్ళ వాటా నీ జేబులోంచి వెయ్యకు. గ్రూపులో ఎవరెవరు పంపారో పేర్లు పెట్టు, మీ అమ్మ చదివినట్టే.

కార్డు సంగతి. చాలా పాత బ్యాంకుల డెబిట్ కార్డులు విదేశంలో వాడితే దాదాపు 3 శాతం అదనంగా లాగుతాయి. స్టార్లింగ్, మోంజో లాంటి యాప్ బ్యాంకుల కార్డు గీస్తే ఆ చార్జీ లేదు. అకౌంట్ ఫోన్‌లోనే తెరవచ్చు. కిట్టీకి అదొక్కటే వాడు, నీ డబ్బు వేరే కార్డులో ఉంచు, రెండూ కలపకు. అక్కడ మిషన్ "పౌండ్లలో కడతారా, యూరోల్లో కడతారా?" అని అడుగుతుంది. పౌండ్లు చూడగానే సొంత మనిషి కనబడ్డట్టుంటుంది, నొక్కకు. యూరోలే నొక్కు. పౌండ్లు నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాడిది, వాడికి లాభం ఉండేలానే ఉంటుంది. ఏటీఎంలు కూడా చాలావరకు బయటి కార్డులకి చార్జీ వేస్తాయి, కాబట్టి చిల్లర కోసం పదేపదే వెళ్ళకుండా ఒకేసారి తీసుకో. ఇండియా డెబిట్ కార్డు మాత్రం పర్సులోనే ఉండనీ. ప్రతి రాత్రీ బిల్లు ఫోటో, బ్యాంకులో పోయిన అంకె, రెండూ గ్రూపులో పెట్టేస్తే ఏ రేటుకి మార్చావన్న వాదన రాదు.

దిగిన రోజు శనివారమైతే ఆ సాయంత్రమే సరుకులు తెచ్చేసుకోండి. స్పెయిన్‌లో ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి. చిన్న ఊళ్ళలో మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం షాపులు కాసేపు కట్టేస్తారు. అది తెలియక మొదటిరోజే ఐదుగురూ రెస్టారెంట్‌లో కూర్చుంటే సగం బడ్జెట్ ఆ పూటకే. అన్నట్టు, అమ్మ పంపిన నెయ్యి సీసా తీసుకెళ్ళకు. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాలపదార్థాలు, మాంసం తేకూడదు. కందిపొడికి ఆ బాధ లేదు. పచ్చడి మాత్రం క్యాబిన్ బ్యాగులో పెట్టకు, అది కూడా ద్రవాల లెక్కలోకే వస్తుందంటారు.

ఇక మిగిలిన మూడు దారులు. ట్రిప్ మానేసి డెస్క్ ప్రాజెక్ట్ చెయ్యడం తప్పేమీ కాదు. ఫీజు మినహాయింపు రాక, లీవ్ డబ్బూ రాక, ఇంకేదో ఖర్చు మీదపడితే అది సరైన నిర్ణయమే కావచ్చు. మార్కులు ఎలా వేస్తారో, తర్వాత ఉద్యోగాల్లో ఫీల్డ్ అనుభవం అడుగుతారో లేదో మీ ట్యూటర్‌ని కనుక్కుని నిర్ణయించుకో. కానీ "వీసా రిజెక్ట్ అయింది" అన్న అబద్ధం మాత్రం చెప్పకు. ట్యూటర్ మంచివాడైతే ఊరుకోడు, ఎందుకు రిజెక్ట్ చేశారని కాన్సులేట్‌కి లెటర్ రాస్తానంటాడు. అప్పుడు ఒక అబద్ధానికి ఇంకోటి కట్టాలి. రిజెక్షన్ అనేది రేపు నువ్వు పెట్టుకునే చాలా వీసా ఫారాల్లో అడిగే ప్రశ్న కూడా. లేనిది నీ పేరు పక్కన ఎందుకు అంటించుకోవడం? "డబ్బు కుదరలేదు" అని ట్యూటర్‌తో చెబితే చాలు. చాలా యూనివర్సిటీల్లో ఇలాంటి ఇబ్బందికి హార్డ్‌షిప్ ఫండ్ ఉంటుంది, విదేశీ విద్యార్థులకి ఇస్తారో లేదో చోటుని బట్టి మారుతుంది. నిజం చెబితేనే ఆ తలుపు ఎటుందో ఆయన చూపించగలడు.

పక్కగది అన్న క్రెడిట్ కార్డు. ఆయన మంచివాడే కావచ్చు. అయినా కార్డు తీసుకోకు, ఆయన బాకీ మీద వడ్డీ పడితే ఎవరిదో తేలదు. తప్పనిసరైతే ఇంత అని అంకె చెప్పి, ఇన్ని నెలల్లో ఇస్తానని మెసేజ్‌లో రాసి, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌గా తీసుకో. ఇద్దరూ ఒకే వంటగది వాడుకుంటున్నారు, అప్పు తీరేదాకా ఆయన నవ్విన ప్రతిసారీ నీకు లెక్క గుర్తురాకూడదు.

నాన్న సంగతికొస్తే, అడగడం వేరు, చెప్పడం వేరు. మిర్చి రేటు చూసి నువ్వు ఐదు నెలలుగా నోరు మెదపలేదు. అర్థమైంది. కానీ నువ్వు స్పెయిన్ వెళ్తున్నావన్న సంగతి కూడా ఆయనకి తెలియదట! మార్చిలో ఏ చుట్టాలబ్బాయో నీ ఫోటో చూపించి "మీ అమ్మాయి స్పెయిన్ తిరుగుతోందిగా" అంటే ఆయనకెలా ఉంటుందో చూడు. ముందే ఫోన్ చేసి, "నాన్నా, క్లాసు వాళ్ళు తీసుకెళ్తున్నారు, నా దగ్గరున్న డబ్బుతో సర్దుకుంటున్నాను, ఇదీ లెక్క" అని ఆ 233 వరసగా చదివి వినిపించు. అమ్మని కూడా పక్కన కూర్చోపెట్టుకోమను. ఆవిడ తప్పులు పట్టినా పడుతుంది. లీవ్ డబ్బు రాక ఏప్రిల్ అద్దెకి గొయ్యి పడితే, అప్పుడు అడగాల్సింది 75 వేలు కాదు, పాతిక వేలకి లోపు. అదికూడా ఆయన ఇవ్వగలరో లేదో నువ్వు ముందే తేల్చేసి బాధపడొద్దు, ఆయన్నే చెప్పనీ.

వేల్స్ బాకీ ఒకటి మిగిలింది. 86లో ఇద్దరి వాటా, 28 పౌండ్ల 66 పెన్నీలు. వాళ్ళిద్దరిలో ఒకరు ఈ ఐదుగురిలో ఉన్నారన్నావు. కిట్టీ మెసేజ్ పెట్టిన రోజే ఇద్దరికీ విడివిడిగా ఒక్క వాక్యం పంపు: స్పెయిన్ లెక్క మొదలుపెడుతూ పాతవి చూస్తున్నాను, వేల్స్ సరుకులవి నీ నుంచి 14.33 రావాలి, ఇదీ నా అకౌంట్ అని. సారీ అని మొదలుపెట్టకు, నవ్వు బొమ్మలు పెట్టకు. మర్చిపోయినవాళ్ళయితే అదే రోజు పంపుతారు. ఒకరు పంపకపోతే ఆ పద్నాలుగు పౌండ్లూ వదిలేసుకో, కానీ ఆ మనిషికి ఈసారి కిట్టీ డబ్బు అందాకే చోటు. ఈ లోపు సోమవారం పొద్దున్నే మిగతా ఇద్దర్నీ వెంటేసుకుని ఆఫీసుకి వెళ్ళి ఆ లెటర్ అడుగు.